వంతెన రాని వంటగది

మా పెద్దమ్మకి తన ఇంట్లో ఉప్పు ఎక్కడుంటుందో తెలిసేది కాదు. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. ఎందుకంటే ఆమె వంటమనిషి. పొద్దున్నే బయల్దేరి, కొండలు దాటి, సాయంత్రానికి సముద్రం ఒడ్డున ఆగే రైలుకి ఒక భోజనాల బోగీ ఉండేది. ఆ బోగీలో పొయ్యి ఆమెది.

ఇంట్లో పొయ్యి మాత్రం పెదనాన్నది. ఆయన దర్జీ. ముందుగదిలో కుట్టుమిషను, దాన్ని ఆనుకునే వంటగది గుమ్మం. కాలరు కుట్టడం అయ్యేసరికి కూర దించాలని, చొక్కాకి కాజాలు తీసేలోపు అన్నం ఉడుకుతుందని ఆయన లెక్క. పెద్దమ్మ మర్నాడు తిరుగు రైలు దిగి వచ్చి కాళ్లు చాపుకుని కూర్చుంటే వేడివేడిగా వడ్డించేవాడు. ఆమె మొహమాటానికి లేవబోతే, "నువ్వు కూర్చోవోయ్. మా గిన్నెలు నీ మాట వినవు" అనేవాడు.

"నా పెళ్లాం చేతి వంట తినాలంటే టికెట్ కొనుక్కోవాలి" అని కొలతలివ్వడానికి వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. ఆ టికెట్ ఆయన మాత్రం ఒక్కసారి తప్ప కొనలేదు. రైలు కదిలితే చాలు, ఆయనకి కడుపులో తిప్పుతుంది. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఎక్కి, మొదటి స్టేషన్‌లోనే దిగి, పట్టాల పక్కనుంచి నడుచుకుంటూ ఇంటికొచ్చేశాడట.

"నామీద ప్రేమ ఉంటే ఇంకో స్టేషన్ ఓర్చుకునేవారు" అని పెద్దమ్మ దెప్పేది.

"ప్రేమ ఉండబట్టే ఆ ఒక్క స్టేషనైనా వచ్చాను. లేకపోతే ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయేవాణ్ని" అనేవాడు పెదనాన్న.

ఆ భోజనం నేను మాత్రం చాలాసార్లు తిన్నాను. సెలవుల్లో పెద్దమ్మ నన్ను వెంట తీసుకెళ్లి, వంటగది పక్కనున్న చివరి బల్ల దగ్గర కూర్చోబెట్టేది. పుస్తకం పట్టుకెళ్లేదాన్ని గానీ పేజీలు పెద్దగా తిరిగేవి కాదు. వంటగది వైపు తలుపు తీసే ఉండేది. చూడ్డానికి అదే సరిపోయేది.

నడవాకి కాస్త ఎక్కువ, గదికి చాలా తక్కువ, అంతే ఆ వంటగది. ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకి అతుక్కోవాల్సిందే. పొయ్యి చుట్టూ గిన్నెలు జారిపోకుండా ఇనుప కమ్మీ. గిన్నెలన్నీ లోతైనవి, సగానికి మించి ఏదీ నింపేవాళ్లు కాదు. మూతలకి కొక్కేలు. పైన వేలాడే కప్పులు మలుపు వచ్చినప్పుడల్లా అన్నీ ఒకేసారి ఒకే వైపు ఒరిగేవి, క్లాసులో కిటికీ బయట ఏదో కనిపిస్తే పిల్లలందరూ తలలు తిప్పినట్టు. భోజనాల బల్లల మీద పరిచే తెల్లగుడ్డలని ముందు కొంచెం తడిపి పిండేవాళ్లు. తడిగుడ్డ మీద పింగాణీ పళ్లెం జారదు. కూర్చోగానే మోచేతులకి ఆ చల్లదనం తగిలేది. కాసేపటికి పొయ్యి మీద వెచ్చబెట్టిన పళ్లెం వచ్చేది. ఆ చల్లదనం మీద ఈ వేడి. ఎంత మంచి హోటలుకి వెళ్లినా ఆ రెండూ కలిపి మళ్లీ దొరకలేదు నాకు.

వేయించిన కోడి, వెన్నలో దొర్లించిన బంగాళాదుంపలు, చివర్లో వణుకుతూ వచ్చే కస్టర్డ్, అన్నీ బాగుండేవి. కానీ జనం ఆ రైలు ఎక్కింది బఠాణీ సూపు కోసం. ఎండు బఠాణీలు నానబెట్టి, ఉల్లిపాయ, క్యారెట్, మిరియాలతో చిక్కగా కాచేది. చెంచా ముంచితే నెమ్మదిగా మునిగేది. పెద్దమ్మ మొదటి గిన్నె ఇంజను డ్రైవరుకి పంపేది. "ఆయన ఆకలి మీదుంటే రేపటి మలుపుల్లో నా గిన్నెలకి ప్రమాదం" అని కారణం చెప్పేది.

ఆ వంటగదిలో గడియారం లేదు. ఆమెకి దారే గడియారం. ఇటుక బట్టీల పొగగొట్టాలు కనిపిస్తే బఠాణీలు పొయ్యి ఎక్కాలి. సొరంగం చీకట్లో ఉల్లిపాయలు వేగాలి. కొండ మలుపులు మొదలవగానే గరిటె పక్కన పెట్టేసి, వెనక గోడకి నడుం ఆనించి, కూరగాయలు తరిగేది. "ఇక రైలు కలుపుతుంది" అనేది. నిజంగానే కలిపేది. గిన్నెలో సూపు కుడికీ ఎడమకీ ఊగి ఊగి, బఠాణీ అడుగంటకుండా నలిగి, వెన్నలా అయ్యేది. మలుపులు దాటాక నది మీద పొడుగాటి ఇనుప వంతెన. దాని మోత వినగానే ఆమె చెయ్యి మంట తగ్గించి, ఉప్పు వేసి, మూత పెట్టేసేది. ఎవరితోనైనా మాట్లాడుతున్నా సరే, మాట ఆగేది కాదు, చెయ్యి తన పని తాను చేసేది.

వడ్డించేది పొడుగాయన. గుమ్మం దాటిన ప్రతిసారీ తల వంచీ వంచీ, ఇంట్లో మామూలు గుమ్మాలకి కూడా వంచే అలవాటు పడిందట. గిన్నె అంచుకి రెండు వేళ్ల కిందే సూపు ఆపాలనేది పెద్దమ్మ పెట్టిన నియమం. ఒకసారి లావుపాటి ప్రయాణికుడొకాయన గిన్నెలోకి తొంగిచూసి, "ఏమయ్యా, మిగతా సూపు దార్లో ఎవరు తాగారు?" అన్నాడు.

"మీ చొక్కా తాగకుండా లోపలే దాచామండీ" అన్నాడు పొడుగాయన. "ఇది కానివ్వండి, మళ్లీ పోస్తాను."

మళ్లీ పోశాడు కూడా. అడిగితే మూడోసారీ పోసేవాడు.

భోజనాల బోగీ ఒక్కరోజులో పోలేదు. మొదట బల్లల మీది తెల్లగుడ్డలు పోయాయి. తర్వాత పింగాణీ పోయి కాగితం గిన్నెలు వచ్చాయి. వేడి సూపుకి అవి మెత్తబడిపోతుంటే పెద్దమ్మ ఒకదానిలో ఒకటి పెట్టి ఇప్పించేది. "గిన్నె కాగితమైతే ఏం, నోరు కాగితం కాదుగా" అంది. కోడి పోయింది, కస్టర్డ్ పోయింది. బల్లలు సగం తీసేసి సీట్లు బిగించారు. తప్పంతా రైలువాళ్లదని కూడా అనలేం. రైలు వేగం పెరిగింది, ఎక్కేవాళ్లకి తీరిక తగ్గింది. ఒక చేత్తో ఫోను పట్టుకుని రెండో చేత్తో తినగలిగేదే కావాలన్నారు. చివరికి సూపొక్కటే మిగిలింది. దానికి మాత్రం జనం చివరిదాకా లైను కట్టారు.

ఆ తర్వాత బోగీనే తీసేస్తున్నామన్నారు. స్టేషన్ పక్కన పెద్ద వంటశాల కట్టారు. అక్కడ వండి, చల్లార్చి, రేకు డబ్బాల్లో మూసి పంపుతారు. రైల్లో వేడి చేసి ట్రేలలో అందిస్తారు. పాతవాళ్లు రైల్లో ట్రేలు అందించవచ్చు, లేదా కొత్త వంటశాలలో ఒక వంట చేసి చూపించి, నచ్చితే అక్కడ చేరవచ్చు.

"నాకు నడవడమొక్కటే వచ్చక్కా. నేను ట్రేలే పట్టుకుంటాను" అన్నాడు పొడుగాయన.

"నువ్వు నడువు. నేను వండుతాను" అంది పెద్దమ్మ.

అంత తేలిగ్గా అన్నా, ఆ వారమంతా ఆమె ఇంట్లో కుదురుగా కూర్చోలేదు. పెదనాన్న వంట చేస్తుంటే గుమ్మంలో నిలబడి చూసేది. ఆ పొయ్యి ఆయనది. రైల్లో పొయ్యి పోతోంది. కొత్త వంటశాలవాళ్లు కాదంటే, ఆమెకి ఇక ఎక్కడా పొయ్యి ఉండదు.

వండి చూపించే రోజున సంచి మోయడానికి నేనూ వెళ్లాను. వంటశాల పెళ్లి హాలంత ఉంది. తెల్లటి టైల్స్, వరుసగా పొయ్యిలు, నిశ్శబ్దం. మేనేజరు నాకన్నా కొంచెం పెద్దదైన అమ్మాయి. జుట్టుకి టోపీ, మెత్తటి మాట. "మీ సూపు గురించి అందరూ చెప్పారమ్మా. అదే చేయండి, తొందరేం లేదు" అంది.

పెద్దమ్మ కాళ్లు ఎడంగా పెట్టి నిలబడింది, రైల్లో నిలబడ్డట్టే. బఠాణీలు ఎక్కించింది. ఉల్లిపాయలు వేయించి కలిపింది. తర్వాత గరిటె పక్కన పెట్టి, నడుం ఆనించబోతే వెనక గోడ లేదు, తూలి నిలదొక్కుకుంది. క్యారెట్లు తరగడం మొదలుపెట్టింది. సన్నగా, ఒక్క తీరుగా, చూడముచ్చటగా తరుగుతోంది. ఎదురుగా గోడ మీద పళ్లెమంత గడియారం ఉంది. ఆమె దానివైపు చూడనే లేదు.

ముందు వాసన వచ్చింది. తర్వాత పొగ.

మేనేజరు పరిగెత్తుకొచ్చి మంట ఆర్పింది. పెద్దమ్మ కత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. గిన్నెని కాదు, నేలని చూస్తోంది.

"వంతెన రాలేదు" అంది నెమ్మదిగా.

"ఏం రాలేదమ్మా?"

"ఏం లేదు మేడమ్. మాడింది. నా తప్పే."

మేనేజరు గిన్నెలో పైపైన కొంచెం తీసుకుని రుచి చూసింది. చేతులు తుడుచుకుని, "వచ్చే వారం ఇంకోసారి రండి. కానీ అదే ఆఖరు, ఏమనుకోకండి. నాకూ పైవాళ్లున్నారు" అంది.

మాడిన సూపు పారబోయడానికి పెద్దమ్మకి మనసొప్పలేదు. డబ్బాలో పోయించుకుని ఇంటికి తెచ్చింది. పెదనాన్న మిషను ఆపి, ఆమె మొహం చూసి, చెంచా తెచ్చుకుని కూర్చున్నాడు.

"ఇన్నేళ్లకి టికెట్ లేకుండా దొరికింది" అని ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. "మాడింది."

"తెలుసు."

"బాగా మాడింది."

"తెలుసండీ! అక్కణ్నుంచి మోసుకొచ్చింది మీచేత చెప్పించుకోవడానికా?"

"అది కాదోయ్. అడుగు వాసన పక్కన పెడితే, దీని వెనకాల ఒక రుచి ఉంది చూడు..." అంటూ ఆయన ఇంకో చెంచా తిన్నాడు. తర్వాత ఇంకోటి. డబ్బా సగం ఖాళీ అయ్యేసరికి పెద్దమ్మకి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"నా చేతులకి వంతెన కావాలండీ" అంది. "అక్కడ ఏదీ కదలదు. ఏ చప్పుడూ రాదు. మంట తగ్గించాలని బుర్రకి తెలుసు, చేతికి తెలీలేదు."

పెదనాన్న చెంచా కడిగి బోర్లించాడు. "రేపట్నుంచి మన వంటగది నీది" అన్నాడు.

ఆయన ఆ మాట అనగలడని నేను అనుకోలేదు. గిన్నె చోటు మారిస్తేనే గొడవ చేసే మనిషి.

మర్నాడు పెద్దమ్మ తన ఇంట్లో తనే కొత్తకోడలిలా పొయ్యి ముందు నిలబడింది.

"ఉప్పెక్కడుంది?"

"నీ ఎదురుగా."

"ఎదురుగా చక్కెరుంది."

"దాని వెనకాల. చక్కెర వెనకున్నా నీ ఎదురుగా ఉన్నట్టే కదా."

ఆయన మిషను ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టాడు. గదంతా టకటకమని మోత. దారి ఎలా ఉంటుందో ముందే ఆమెచేత చెప్పించుకున్నాడు. "బండి కదిలింది" అని కేకేశాడు. కాసేపటికి, "ఇటుక బట్టీలు!" బఠాణీలు పొయ్యి ఎక్కాయి. వెంటనే, "సొరంగం!"

"అప్పుడే సొరంగమేమిటండీ? ఇంకా నీళ్లే కాగలేదు!"

"నాది ఎక్స్‌ప్రెస్."

"నా సూపు ప్యాసింజరే. మెల్లగా తొక్కండి."

మలుపులొచ్చాయని ఆయన అనగానే, అలవాటు కొద్దీ పెద్దమ్మ గరిటె పక్కన పెట్టింది. మిషను ఆగిపోయింది. పెదనాన్న గుమ్మంలోంచి తల పెట్టి చూశాడు.

"గరిటె పట్టుకో. ఇక్కడ రైలు నువ్వే."

ఆమె పట్టుకుంది. మలుపులు అయిపోయేదాకా తిప్పింది. ఆయన "వంతెన" అన్నాక మంట తగ్గించింది. మొదటిరోజు కొంచెం పలచనైంది, రెండోరోజు ఉప్పు ఎక్కువైంది. ఆ వారం పెదనాన్న కుట్టిన చొక్కాల్లో ఒకదానికి ఒక చెయ్యి పొడుగైందని, ఆ చొక్కా తాలూకు మనిషి వచ్చి తగువు పెట్టుకున్నాడు. "రైలు నడిపేటప్పుడు కుట్టకూడదండీ, నిజమే" అని ఒప్పుకుని, విప్పి మళ్లీ కుట్టిచ్చాడు. వారం చివర్లో ఆయన స్టేషన్లు చెప్పడం మానేశాడు. ఉత్తినే మిషను తొక్కాడు. తర్వాత అదీ ఆపేశాడు. నిశ్శబ్దంలో గరిటె తిరుగుతున్న చప్పుడు ఒక్కటే వినిపించింది.

రెండోసారి వంటశాలలో పెద్దమ్మ పొయ్యి దగ్గర్నుంచి ఒక్క అడుగు కూడా పక్కకి వేయలేదు. మేనేజరు ఒక గిన్నె తాగి, ఇంకోటి పోసుకుని, "పోయినసారి ఏమైందమ్మా? ఏదో రాలేదన్నారు" అంది. పెద్దమ్మ చెప్పింది. బట్టీలు, సొరంగం, మలుపులు, వంతెన. ఆ అమ్మాయి గిన్నె పట్టుకుని నిలబడే మొత్తం విన్నది. "రేపట్నుంచి రండి" అంది.

కథ ఇక్కడితో ఆపేస్తే పెద్దమ్మ ఒప్పుకోదు. ఎందుకంటే, కొన్నాళ్లకి సెలవు పెట్టుకుని ఆమె అదే రైలు ఎక్కింది. తన చేతి వంట తినేచోట ఎలా ఉందో చూడాలని. పొడుగాయన ట్రే తెచ్చి, "అక్కా, నిన్ను కూర్చోబెట్టి పెడతాననుకోలేదు" అన్నాడు సంతోషంగా. ఆమె రేకు మూత తీసింది. సూపు గడ్డకట్టి, చెంచా గుచ్చితే నిలబడింది. చుట్టుపక్కల జనం రెండు చెంచాలు తిని మూత మళ్లీ మూసేస్తున్నారు. ఆమె మాత్రం ఆఖరిదాకా తింది.

"చేసింది నేనే" అంది ఇంటికొచ్చాక. "కానీ అది డబ్బాలో పడుకుని వచ్చింది. రైలు ఎక్కినట్టు దానికి తెలీనే తెలీదు."

మర్నాడు మేనేజరుతో మాట్లాడింది. ఆ ఒక్క రైలుకి సూపుని చల్లార్చి డబ్బాల్లో మూయొద్దు. బఠాణీ ఇంకా పూర్తిగా నలగకముందే దించి, వేడి పోని పెద్ద స్టీలు క్యానులో పోసి, కదలకుండా పట్టీతో కట్టి పంపుదాం. మిగతాది మలుపులు చూసుకుంటాయి. మేనేజరు వెంటనే ఒప్పుకోలేదు. పైవాళ్లని అడిగింది, తనే ఒకసారి క్యాను పక్కన కూర్చుని ప్రయాణం చేసింది, దిగాక ఒప్పుకుంది. ఆ ఒక్క రైలుకే, ఆ ఒక్క సూపే. మిగతావన్నీ ఇప్పటికీ రేకు డబ్బాల్లోనే వస్తాయి. బంగాళాదుంపలు నీరు కారి ఉంటాయి, వాటికి పెద్దమ్మ దగ్గర కూడా మందు లేదు. ఆమె అది దాచదు. "సూపు తాగండి, దుంపలు మానేయండి" అని తెలిసినవాళ్లకి చెప్పే పంపుతుంది.

ఈ సంగతి తెలిశాక పెదనాన్న స్టేషన్‌కి వెళ్లి టికెట్ కొన్నాడు.

తోడు నన్ను తీసుకెళ్లాడు. జేబులో నిమ్మకాయ, చేతిలో రుమాలు, రైలు కదలకముందే కళ్లు మూసుకున్నాడు. ఇటుక బట్టీలు వచ్చాయని చెబితే ఒక కన్ను తెరిచాడు. "ఇవేనా? నా బట్టీలు ఇంకా పెద్దవి" అన్నాడు. సొరంగం బాగానే గడిచింది. మలుపుల్లో మొహం పాలిపోయింది. నిమ్మకాయ ముక్కు దగ్గర్నుంచి తీయలేదు. దిగిపోదామా అని నేనడిగితే తల అడ్డంగా ఊపాడు. పొడుగాయన వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఇప్పుడే పోయనండీ. మలుపులు దాటాకే పోయాలని అక్క ఆర్డరు."

"పోయకు. నాకూ అదే కావాలి" అన్నాడు పెదనాన్న కళ్లు తెరవకుండా.

ఉన్నట్టుండి కింద నేల మాయమైనట్టు మోత. నది. పెదనాన్న కుడిచెయ్యి దానంతటదే ముందుకి జరిగి, గాల్లో ఏదో తగ్గించినట్టు తిరిగింది. ఆ సంగతి ఆయనకి తెలిసినట్టు లేదు. పొడుగాయన క్యాను తెరిచి, అంచుకి రెండు వేళ్ల కింద దాకా పోసి అందించాడు. పెదనాన్న తాగాడు. గిన్నె ముందుకి చాపాడు. మళ్లీ తాగాడు. వంతెన అయిపోయాక మొహం తుడుచుకుని కిటికీలోంచి వెనక్కి చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు తిరుగు రైల్లో ఇంటికొచ్చేసరికి పెద్దమ్మ గుమ్మంలోనే ఉంది. ఎలా ఉందని అడగలేదు.

"ఎక్కడ తాగారు?" అంది.

"వంతెన మీద."

"అయితే బాగానే ఉండి ఉంటుంది" అని ఆయన చేతిలోంచి నలిగిపోయిన నిమ్మకాయ తీసుకుని లోపలికి వెళ్లింది.